విచారణ కౌంటరు

"ఏటమ్మా, ఈ ఊర్లో రాత్రేల నడవొచ్చా, బయం నేదా?"
కిటికీ కంతలో నోరు పెట్టి అడిగినాడు
పార్వతీపురం నుంచి వచ్చినాయన.
గుండు మీద గంధం
చెవి పక్కకి కారి ఎండిపోయింది.
"భయమేం లేదు సామీ. ఈ ఊరు నిద్రపోదు.
నేరుగా పో, శ్రీనివాసం ఎదురుగానే."
రోజుకి నలభైమందికి చెప్తా ఈ మాట.
నలభైసార్లూ నిజమే చెప్తా.

పన్నెండుకి మైకు కట్టేసి
క్యారియరు సంచిలో వేసుకోని
నేను కొర్లగుంటకి నడవాల.

ఊరంతటికీ నా గొంతు తెలుసు.
మొహం ఎవురికీ తెలీదు.
అది మంచిదో చెడ్డదో
పదకొండేండ్లయినా తేల్చుకోలా.

లీలామహల్ సెంటరు దాకా ఊరు నాదే.
ఇడ్లీ బండి కాడ ఆవిరి,
"కొండకి, కొండకి" అని జీపులోళ్ల అరుపు.
మూసిన అంగళ్ల ముందర తమిళ ముసలమ్మలు
చెప్పులు తలకింద పెట్టుకోని
బంగారు కమ్మలతోనే నిద్రపోతా ఉంటారు.
వాళ్లని చూస్తే నాకు కుళ్లు.
నా ఊర్లో నేనట్లా పండుకోలేను,
పగలు గూడా.

సెంటరు దాటి మలుపు తిరగ్గానే
దేవుడి లైట్లు అయిపోతాయి.
ఆడ్నించి పన్నెండొందల అడుగులు.
వెల్డింగు షాపుకి రెండొందల పది.
కుక్కలు నాలుగు. బిస్కెట్లు ఏసి ఏసి
అవి ఇప్పుడు నా పక్షం.
ట్రాన్స్‌ఫార్మరు కింద ఫోన్ల ఎలుతురులో పిలకాయలు.
వాళ్లల్లో ఒకడు మా పక్కింటి గౌసియా కొడుకు,
"అక్కా" అంటాడు.
వాడు లేనినాడు
మిగతావాళ్లకి నేను అక్కను కాను.

మెట్లదారిలో చిరుత తిరిగినప్పుడు
నడిచేవాళ్ల చేతికి కర్రలిచ్చినారు.
గుంపుగా పోండి, పిల్లోళ్లని ముందర పెట్టుకోండి అని
ఆ కాయితం మైకులో చదివింది నేనే,
గంటకోసారి.
చదవతా చదవతా ఒకసారి నవ్వొచ్చి
స్విచ్చి ఆపేసినా.

పోయిన శుక్రవారం ఒక బండి
నా నడక వేగానికి తగ్గింది.
లైటు ఆర్పినాడు.
పేరేంది అన్నాడు. యాడికి అన్నాడు.
తాళంచెవి పిడికిట్లో ఉండాది,
ఫోను చెవి కాడ ఉండాది,
ఎప్పట్లాగే అవతల ఎవురూ లేరు.
నోరు తెరిస్తే అరుపు రాలా.
వచ్చింది ఇది:

"ప్రయాణికులకు విజ్ఞప్తి.
కొర్లగుంట పోవు మహిళ
వెల్డింగు షాపు ఎదుట నిలిచి ఉన్నారు.
దొంగలున్నారు. జాగ్రత్త."

అలవాటు గదా, రెండోసారి గూడా చదివినా.
తెలుగు అయినాక తమిళం.
హిందీకి పోయేలోపల
మిద్దెల మీద ఒకటొకటే బల్బు ఎలిగింది.
ఎవురో ముసలాయన కిటికీలోంచి
"ఏం బస్సమ్మా?" అన్నాడు నిద్రలో.
బండి పోయింది.

ఇంటికొచ్చి గడేసి,
ఏసిన గడి మళ్లీ చూసి,
సంగటి ముందర కూచుంటే చేతులు వణికినాయి.
నవ్వు గూడా వచ్చింది, ఆ వణుకులోనే.
"ఏమైంది మే రెడ్డెమ్మా?" అనింది మాయమ్మ.
బస్సు లేటు అన్నా.

ఈ పొద్దు కిటికీ కాడికి ఒక పాప,
పద్దెనిమిదుంటాయేమో,
నర్సింగు పరీక్షకంట, పలమనేరు నుంచి.
భుజాన సంచి, చేతిలో హాల్‌టికెట్టు.
"అక్కా, హాస్టలు దాకా నడిచిపోవచ్చా?"
భయమేం లేదు అనబోయినా.
నలభై ఒకటోసారి
నాలిక మీదనే నిలబడిపోయింది ఆ మాట.
గోడ గడియారంలో పదకొండూ ఇరవై.

"కొంచేపు కూచో పాపా.
నేను గూడా ఆ పక్కకే."

వాళ్ల హాస్టలు
మా ఇంటికి ఎదురుదిక్కు.
ఆ సంగతి చెప్పలా.